ముక్క పక్కన పప్పు: క్యాంటీన్, మెస్, పెళ్లి భోజనాల్లో ఏ మార్పు పనిచేస్తుంది, ఏది చేయదు

ఆఫీసు క్యాంటీన్ కాంట్రాక్టు చూసేవాళ్లు, హాస్టల్ మెస్ కమిటీలో ఉన్నవాళ్లు, ఇంట్లో పెళ్లికి క్యాటరింగ్ మాట్లాడుకుంటున్నవాళ్లు – ముఖ్యంగా ఈ ముగ్గురినీ దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. తినేవాళ్లకు ఉపన్యాసం ఇవ్వకుండా, వాళ్ల కంచంలోంచి ముక్క లాక్కోకుండా, పప్పులూ కూరగాయలూ ఆకుకూరలూ ఎక్కువ తినేలా చేయాలంటే దేన్ని మార్చాలి? మెనూలో పేర్లనా, గిన్నెల వరసనా, ముందు వడ్డించేదాన్నా, ధరనా, వారంలో ఒక రోజునా? అన్నీ ఒకేసారి మార్చడం ఎవరి వల్లా కాదు. ఒకటో రెండో ఎంచుకోవాలి. వీటిలో కొన్ని నిజంగానే పనిచేస్తాయి. కొన్ని గోడకు అంటించిన పోస్టరు చేసేంత పనే చేస్తాయి.

ముందు గురి ఎక్కడో చూసుకోవాలి

2014 నాటి శాంపుల్ రిజిస్ట్రేషన్ సర్వే ప్రకారం పదిహేనేళ్లు దాటినవారిలో మాంసాహారులు తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ 98 శాతం పైనే. ముక్క లేనిదే ముద్ద దిగదనేవాళ్లు మనకు కొత్త కాదు. కానీ ఆ సర్వే తింటారా తినరా అనే అడిగింది. రోజూ తినేవాళ్లూ ఆదివారం మాత్రమే తినేవాళ్లూ అందులో ఒకే గాటన పడ్డారు. చాలా ఇళ్లల్లో సోమవారం నుంచి శనివారం దాకా తినేది పప్పు, చారు, వేపుడే.

మరి లోటు ఎక్కడ? హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు చూడండి. రోజుకు 2000 కిలోక్యాలరీలు తినే మనిషికి కూరగాయలూ ఆకుకూరలూ 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, ధాన్యాలు 250 గ్రాములు, పప్పులూ గుడ్లూ మాంసం లాంటివి అన్నీ కలిపి 85 గ్రాములు. ధాన్యాల నుంచి వచ్చే శక్తి మొత్తంలో 45 శాతం దాటకూడదంటోంది ఆ సంస్థ. మన దేశంలో అది 50 నుంచి 70 శాతం దాకా ఉంటోందని కూడా చెబుతోంది. అంటే మన కంచంలో పెద్ద సమస్య మాంసం ఒక్కటే కాదు, అన్నం కుప్ప కూడా. మొక్కల నుంచి వచ్చిందే కదా అని తెల్లన్నం ఇంకో రెండు గరిటెలు వడ్డిస్తే లెక్క కుదురుతుంది గానీ ఒంటికి ఒరిగేదేమీ లేదు. చికెన్ బిర్యానీలో చికెన్ తీసేసి నాలుగు బీన్స్ ముక్కలు వేసి వెజ్ బిర్యానీ అనడం కూడా ఈ కోవలోదే.

ఇంకో పక్కదారి పనీర్. నాన్‌వెజ్ తగ్గించాలనుకున్న ప్రతి క్యాంటీనూ ముందు పట్టుకునేది దాన్నే. ఆరోగ్యం మాట అటుంచి, వాతావరణం కోసం ఈ పని చేస్తున్నామనుకుంటే పనీర్ దగ్గర ఆగి ఆలోచించాలి. 119 దేశాల్లో దాదాపు 38,700 పొలాల లెక్కలతో 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, వంద గ్రాముల ప్రోటీన్‌కు వెలువడే హరితగృహ వాయువులు సగటున కోడిమాంసానికి 5.7 కిలోలు, చీజ్‌కు 11 కిలోలు, పప్పుధాన్యాలకు కిలో లోపు. మాంసం కోసం పెంచిన పశువుల బీఫ్‌కు అది 50 కిలోలు. చీజ్ అంకె మన పనీర్‌కు అచ్చంగా అతకదు. కానీ రెండూ బోలెడు పాలు విరగ్గొట్టి చేసేవే. చికెన్ తీసి పనీర్ పెట్టడం వల్ల పెద్ద లాభమేమీ లేదని చెప్పడానికి ఇది చాలు.

కాబట్టి నా గురి ఇది: పప్పుధాన్యాలు, కూరగాయలు, ఆకుకూరలు, వేరుశనగ, నువ్వులు. మీల్ మేకర్ కూడా ఇందులో చేరుతుంది. నూనె తీసిన సోయా పిండితో చేసే ఈ ముక్కల్లో బరువులో దాదాపు సగం ప్రోటీనే. విదేశాల నుంచి వచ్చిన మొక్కల మాంసం ప్యాకెట్లకు ఖర్చు పెట్టే ముందు కిరాణా కొట్టులో దొరికే దీన్ని సరిగ్గా వండించండి. పనసకాయ బిర్యానీ నమలడానికి ముక్కలా ఉంటుంది, నిజమే, కానీ అందులో ప్రోటీన్ చాలా తక్కువ. పక్కన పప్పో శనగలో లేకుండా దాన్ని మాంసానికి బదులుగా పెట్టకూడదు.

గిన్నెల లెక్క: నా మొదటి ఓటు దీనికే

ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ కళాశాలల భోజనశాలల్లో 94 వేలకు పైగా భోజనాల అమ్మకాలను పరిశీలించి 2019లో ఒక అధ్యయనం వెలువరించారు. చేసిన మార్పు చిన్నది. నాలుగు వంటకాల్లో ఒక్కటే శాకాహారం ఉన్న చోట రెండు పెట్టారు. శాకాహార అమ్మకాలు పరిస్థితిని బట్టి 41 నుంచి 79 శాతం దాకా పెరిగాయి. మొత్తం అమ్మకాలు పెద్దగా తగ్గలేదు. మధ్యాహ్నం శాకాహారం తిన్నవాళ్లు రాత్రికి మాంసం ఎక్కువ తిని బాకీ తీర్చుకున్న జాడ కూడా అంతగా కనపడలేదు. నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి వేరే ఉంది. అంతకు ముందు శాకాహారం వైపు చూడనివాళ్లలోనే మార్పు ఎక్కువ కనిపించింది.

దీన్ని మన కౌంటర్‌కు తెచ్చేటప్పుడు ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. అక్కడ ఒక మనిషి ఒక ప్రధాన వంటకం తీసుకుంటాడు. మన దగ్గర అన్నం చుట్టూ పప్పు, వేపుడు, సాంబారు, పెరుగు అందరికీ వస్తాయి. చికెన్ కూర వాటికి తోడు. చాలా ఆఫీసుల్లో దానికి విడిగా డబ్బులు కట్టాలి కూడా. అందుకని గిన్నెలు ఊరికే లెక్కపెడితే మన క్యాంటీన్లలో శాకాహారమే ఎక్కువని తేలుతుంది, మనం చేయాల్సిందేమీ లేదని కాంట్రాక్టరు చేతులు దులిపేసుకుంటాడు. లెక్కపెట్టాల్సింది అన్నంలో కలుపుకుని కడుపు నింపుకోగలిగిన కూరల్ని. చికెన్ కూర ఉన్న రోజు దానికి ఎదురుగా క్యాబేజీ వేపుడు పెడితే పోటీకి ముందే ఓడిపోయినట్టు. గుత్తివంకాయ, శనగల కూర, ములక్కాడ టమాటా, మీల్ మేకర్ ఇగురు, ఉలవచారు లాంటివి పెట్టండి. చికెన్ ఉన్న రోజు ఇలాంటివి రెండు ఉండాలి. మిగతా రోజుల్లో క్యాబేజీకి నా అభ్యంతరమేమీ లేదు.

లోపాలు లేకపోలేదు. రెండు మంచి కూరలంటే వంటవాళ్లకు పని పెరుగుతుంది. గుత్తివంకాయకు వేరుశనగ, నువ్వులు, ధనియాలు వేయించి నూరాలి. వెయ్యి మందికి అది చిన్న పని కాదు. మొదట్లో కొంత మిగులుతుంది కూడా. ఇవి ముందే తెలిసి దిగాలి.

ఏమీ చెప్పకపోతే వచ్చే భోజనం

మనిషి ఎంచుకోనప్పుడు ఏది వస్తుందో దాన్నే డిఫాల్ట్ అంటారు. అన్ని ఉపాయాల్లోకీ బలమైనది ఇదే. డెన్మార్క్‌లో మూడు సదస్సుల్లో ప్రయోగం చేశారు. మామూలు నమోదు పత్రంలో శాకాహారం కావాలంటే ప్రత్యేకంగా రాయాలి. అలా రాసేవాళ్లు 2 నుంచి 13 శాతం లోపే. పత్రాన్ని తిరగేసి, భోజనం శాకాహారమే, మాంసం కావాలంటే రాయండి అన్నారు. ఈసారి 86 నుంచి 89 శాతం మంది శాకాహారంతోనే సరిపెట్టుకున్నారు. మాంసం అడిగే వీలు ఎవరికీ తీసేయలేదు.

ఇంకా పెద్ద ఉదాహరణ న్యూయార్క్ నగర ప్రభుత్వ ఆస్పత్రులు. 2022లో 11 ఆస్పత్రుల్లో ముందు మధ్యాహ్నం, తర్వాత రాత్రి భోజనాలను ఇలా మార్చారు. సిబ్బంది రోగి దగ్గరికి వెళ్లి మొదట ఒక మొక్కల ఆహార వంటకాన్ని చెఫ్ స్పెషల్ అని చెబుతారు. వద్దంటే రెండోది, అదీ మొక్కల ఆహారమే. అదీ వద్దంటేనే మిగతావి. ఈ భోజనానికి అర్హులైన రోగుల్లో సగం మందికి పైగా మొక్కల ఆహారానికే ఒప్పుకున్నారు, తిన్నవాళ్లలో 90 శాతం పైగా బాగుందన్నారు. పూటకు 59 సెంట్లు ఆదా అయిందని కూడా ఆస్పత్రులు ప్రకటించాయి. వంటకాలను రోగుల ఊళ్ల రుచులకు, లాటిన్ అమెరికా, కరీబియన్, ఆసియా వంటలకు దగ్గరగా రూపొందించడం ఇందులో సగం పని. ఉడకబెట్టిన కూరగాయలు చప్పగా తెచ్చి చెఫ్ స్పెషల్ అంటే ఆ మాట రెండు రోజులు కూడా నిలిచేది కాదు.

మనకు ఈ పద్ధతి కొత్త కాదు. బంతి భోజనమంటే ఇదే కదా. అరిటాకు ముందు కూర్చున్నాక పప్పు, కూర, పచ్చడి, పులిహోర అడక్కుండానే వచ్చేస్తాయి. ఏది ముందు రావాలో, ఏది రెండోసారి తిప్పాలో వడ్డించేవాళ్ల చేతిలో ఉంటుంది. ఇంకాస్త వేయమంటారా అని ఆగి అడిగిన కూర ఆకులో పడుతుంది, బకెట్‌తో పరుగెత్తి వెళ్లిపోయిన కూర పడదు. బఫే వచ్చాక ఆ పట్టు పోయింది. మొదట చికెన్ స్టార్టర్లు, తర్వాత బిర్యానీ, అప్పటికే ప్లేటు నిండిపోతే పప్పుచారుకు చోటెక్కడ?

డిఫాల్ట్‌కు ఒక షరతు ఉంది. ముందుగా ఆర్డరు తీసుకునే చోట, లేదా మనిషి వడ్డించే చోట మాత్రమే అది పనిచేస్తుంది. అన్నీ ఎదురుగా పెట్టి మీకు నచ్చింది తీసుకోండనే కౌంటర్ దగ్గర డిఫాల్ట్ అంటూ ఏదీ ఉండదు. ఇంకో మాట, మాంసం కావాలన్నవాళ్లకు అది మొహమాటం లేకుండా దొరకాలి. పత్రంలో ఒక టిక్కు చాలు. కారణం రాయమంటే అది డిఫాల్ట్ కాదు, ఆంక్ష.

వరస, దూరం

శాకాహారాన్ని వరసలో ముందు పెట్టమని అందరూ చెబుతారు. కేంబ్రిడ్జ్ బృందమే 2020లో దీన్నీ పరీక్షించింది. రెండు రకాల గిన్నెల మధ్య మీటరున్నర దాటి దూరం ఉన్న కళాశాలలో, ముందు వచ్చే శాకాహారం అమ్మకాలు పెరిగాయి. మీటరు లోపు ఉన్న చోట చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండూ ఒకే చూపులో కనపడితే వరసకు విలువ లేదన్నమాట.

మన దగ్గర వెజ్ ముందు పెట్టడానికి ఇంకో మంచి కారణం ఉంది. శాకాహారులు గరిటెలు కలుస్తాయేమోనని భయపడతారు. ముందు వెజ్, తర్వాత నాలుగడుగులు వదిలి నాన్‌వెజ్, వేటి గరిటెలు వాటికే అన్నామంటే ఆ భయమూ తీరుతుంది, దూరమూ కలిసొస్తుంది. ఖర్చు లేని మార్పు. చేసి చూడండి, కానీ దీని మీదే ఆశలన్నీ పెట్టుకోవద్దు.

పేరులో ఏముంది అంటే, కొంత ఉంది

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ భోజనశాలలో ఒకే కూరగాయలకు రోజుకో రకం పేరు పెట్టి చూశారు. నోరూరించే పేరు పెట్టిన రోజు, మామూలు పేరున్న రోజుకన్నా 25 శాతం ఎక్కువ మంది తీసుకున్నారు. కొవ్వు తక్కువ, చక్కెర లేదు లాంటి పేర్లున్న రోజుతో పోలిస్తే 41 శాతం ఎక్కువ. ఇది 2017 నాటి మాట. 2019లో అమెరికాలోని ఐదు విశ్వవిద్యాలయాల్లో పెద్ద ఎత్తున మళ్లీ చేస్తే మామూలు పేర్లతో పోల్చినప్పుడు పెరుగుదల 14 శాతానికి తగ్గింది, ఆరోగ్యం గురించి చెప్పే పేర్లతో పోల్చినప్పుడు 29 శాతం. వంట నిజంగా రుచిగా ఉన్న చోటే పేరు బాగా పనిచేస్తుందని కూడా అందులో తేలింది. ఇంగ్లండ్‌లో సెయిన్స్‌బరీ సూపర్‌మార్కెట్ల కేఫ్‌లలో మాంసం లేని సాసేజ్ అన్న పేరు తీసేసి కంబర్లాండ్ అనే ప్రాంతపు మసాలా పేరు పెడితే అమ్మకాలు 76 శాతం పెరిగాయి. లేనిదాన్ని చెప్పడం మానేసి ఉన్నదాన్ని చెప్పారు, అంతే తేడా.

మనకు పేర్లు కొత్తగా కనిపెట్టాల్సిన అవసరమే లేదు. ఉన్నవి వాడితే చాలు. క్యాంటీన్ బోర్డు మీద "వెజ్ కర్రీ", "దాల్", "డ్రై ఫ్రై" అని రాస్తారెందుకో నాకు ఎప్పటికీ అర్థం కాదు. అదే చుక్కకూర పప్పు అనో, ముద్దపప్పు ఆవకాయ అనో, పచ్చిపులుసు అనో, కాకరకాయ ఉల్లికారం అనో రాయొచ్చు. హెల్తీ బౌల్, డైట్ మీల్ లాంటి పేర్లు మాత్రం వద్దు. అవి చదవగానే ఉప్పు తక్కువేమో అనిపిస్తుంది.

మెనూ కార్డుల సంగతి కూడా ఇక్కడే. శాకాహార వంటకాలన్నీ ఒక పెట్టెలో విడిగా పెడితే, మాంసం తినేవాళ్లు ఆ పెట్టె వైపు చూడరని లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకుల ప్రయోగంలో కనపడింది. మన మెనూలన్నీ పుట్టుకతోనే వెజ్, నాన్‌వెజ్ అని రెండు ముక్కలు. పచ్చ చుక్క, గోధుమ రంగు త్రికోణం గుర్తులు ఉంటే శాకాహారికి తెలియాల్సింది తెలిసిపోతుంది. ఆ గుర్తులు ఉంచి, వంటకాలను మాత్రం ప్రాంతం వారీగా కలిపి రాయొచ్చు: రాయలసీమ శీర్షిక కింద నాటుకోడి పులుసు పక్కనే ఉగ్గాని బజ్జీ, తెలంగాణ కింద మటన్ పక్కనే పచ్చిపులుసు. రెస్టారెంట్ పెట్టినవాళ్లకు నేను గట్టిగా చెప్పే సలహా ఇదే.

ముక్కను తగ్గించడం, తీసేయకపోవడం

మాంసంలో పుట్టగొడుగులు కలిపి ప్యాటీలు చేయడం అమెరికాలో కొత్త ఆలోచనగా ప్రచారమైంది. తెలుగు వంటింటికి అది పాత సంగతి. గోంగూర మటన్, చింతచిగురు మాంసం, దోసకాయ మాంసం, ములక్కాడ చికెన్, సొరకాయ రొయ్యలు, వంకాయ ఎండురొయ్యలు – ఇవన్నీ ఖరీదైన ముక్కను ఇంటిల్లిపాదికీ సరిపెట్టడానికి పుట్టిన వంటలే అనిపిస్తుంది నాకు. హైదరాబాద్ దాల్చాలో శనగపప్పు, సొరకాయ సగం బరువు మోస్తాయి. హలీమ్‌లో గోధుమలు, పప్పులు మాంసంతో కలిసి ఏది ఏదో తెలియనంతగా మెదిగిపోతాయి.

ఈ దారిలో ఎవరికీ ఏదీ పోయినట్టు అనిపించదు. రుచి తగ్గదు, చాలాసార్లు పెరుగుతుంది. మటన్ ధర చూసినవాళ్లకు లాభం చెప్పక్కర్లేదు. కిలో మటన్ దాల్చాకు పావుకిలో పప్పు వేసే చోట, అరకిలో వేసి మటన్ ముప్పావుకిలోకు దించితే రుచి చెడకుండా పని జరుగుతుంది. మొదటి రోజే సగానికి సగం కోస్తే మాత్రం పట్టేసుకుంటారు.

ఇది ఎక్కడ పనికిరాదో కూడా చెప్పాలి. హాస్టల్ మెస్‌లో ముక్కలు లెక్క. మనిషికి ఇన్ని అని వడ్డిస్తారు, పక్కవాడి కంచంలో ఒకటి ఎక్కువ పడితే గొడవ. అక్కడ కలగలుపు కూర పెడితే ముక్కలు మింగేశారనే అంటారు. శాకాహారులకు కూడా ఇందులో వచ్చేదేమీ లేదు, కూర నాన్‌వెజ్ కిందే లెక్క. ఇంటికీ రెస్టారెంటుకూ పెళ్లికీ మాత్రం దీన్ని మించింది లేదంటాను.

వారంలో ఒక రోజు

బెల్జియంలోని ఘెంట్ నగరం 2009 నుంచి గురువారాన్ని శాకాహార దినంగా ప్రచారం చేస్తోంది. ఫ్రాన్స్‌లో 2019 నుంచి బడి భోజనశాలల్లో వారానికి ఒక శాకాహార భోజనం చట్టం ప్రకారం తప్పనిసరి. మరోవైపు ఫిన్లండ్ రాజధాని హెల్సింకి బడుల్లో తప్పనిసరి శాకాహార దినం పెట్టిన కొత్తలో ఆ రోజు భోజనానికి వచ్చే పిల్లలు తగ్గారు, వచ్చినవాళ్లు తక్కువ పెట్టించుకున్నారు, పారేసింది ఎక్కువైంది. జర్మనీలో 2013 ఎన్నికల ముందు గ్రీన్ పార్టీ క్యాంటీన్లకు ఇలాంటి రోజొకటి ఉండాలని ప్రతిపాదిస్తే, మా కంచంలోకి ప్రభుత్వం తొంగిచూస్తోందంటూ పెద్ద దుమారం రేగింది.

మన దగ్గర రోజులకు కొదవ లేదు. శనివారాలు, సోమవారాలు, కార్తీకమాసం, శ్రావణం, అయ్యప్ప దీక్ష, క్రైస్తవుల శ్రమదినాలు. ఎవరి రోజు వాళ్లది. క్యాంటీన్ నడిపేవాళ్లు కొత్తగా ఇంకో రోజు కనిపెట్టడం దండగ. ఆ రోజుల్లో ఎలాగూ చికెన్‌కు గిరాకీ తగ్గుతుంది. మంచి కూర, కొత్త కూర ఆ రోజే దింపండి. నచ్చినవాళ్లు మాసం అయిపోయాక కూడా అడుగుతారు. నిషేధం పెట్టిన రోజుకు ముందు రోజు ఏం జరుగుతుందో తెలుసుకోవాలంటే అక్టోబర్ 1 సాయంత్రం ఏ చికెన్ షాపు దగ్గరికైనా వెళ్లి చూడండి.

లేబుళ్లు, ధరలు, ప్లేట్లు

వీటి మీద ఎక్కువ సమయం పెట్టను. వాతావరణ లేబుళ్ల మీద 2022లో అమెరికాలో ఐదు వేల మందితో ఆన్‌లైన్ ప్రయోగం జరిగింది. బీఫ్ పక్కన ఎర్ర హెచ్చరిక పెడితే దాన్ని వదిలి వేరేది ఎంచుకున్నవాళ్లు 23 శాతం ఎక్కువయ్యారు, మంచివాటి పక్కన పచ్చ గుర్తు పెడితే 10 శాతం. మందలింపే మెచ్చుకోలుకన్నా ఎక్కువ పనిచేసింది. అయితే అది తెర మీద ఎంపిక, ఆకలి మీద ఎంపిక కాదు. ధర విషయానికొస్తే, కేంబ్రిడ్జ్‌లో శాకాహారం ధర కాస్త తగ్గించి మాంసం ధర కాస్త పెంచితే వచ్చిన తేడా కొద్దిపాటిదే. మన దగ్గర వెజ్ ఎలాగూ చవకే.

చిన్న ప్లేటు పెడితే తక్కువ తింటారనే సలహాలు ఎన్నో చదివి ఉంటారు. వాటిలో చాలా వాటికి మూలం కార్నెల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు బ్రయన్ వాన్సింక్ పరిశోధనలు. అంకెల్లో తప్పులు బయటపడి ఆయన పత్రాలు డజనుకు పైగా వెనక్కి తీసుకున్నారు, 2018లో ఆయన రాజీనామా ప్రకటించారు. చిన్న చిన్న మార్పులతో మనుషుల ఎంపికను మళ్లించే ఈ రంగం మొత్తం మీదే ఒక అనుమానం ఉండాలి కూడా. 2022లో ఇలాంటి రెండు వందలకు పైగా అధ్యయనాలను కలిపి చూసి, ప్రభావం బాగానే ఉంది, ఆహారంలో ఇంకా ఎక్కువ అన్నారు ఒక బృందం. కొన్ని నెలలకే అదే పత్రికలో మరో బృందం జవాబు రాసింది: పనిచేసిన ప్రయోగాలే అచ్చవుతాయి, చేయనివి సొరుగుల్లో ఉండిపోతాయి, ఆ తేడా సరిచేసి చూస్తే ప్రభావం ఉందని చెప్పడానికి ఆధారం మిగలదు. నేను గిన్నెల లెక్కకూ డిఫాల్ట్‌కూ ముందు చోటు ఇవ్వడానికి ఇదే కారణం. అవి మనసుతో ఆడే చిట్కాలు కావు, ఎదురుగా ఉన్న తిండినే మారుస్తాయి.

చేయకూడనివి

మన దేశంలో శాకాహారం మాట ఒంటరిగా రాదు, కులాన్ని వెంటబెట్టుకుని వస్తుంది. 2024 మార్చిలో జొమాటో శాకాహార ఆర్డర్లకు ఆకుపచ్చ దుస్తుల్లో ప్రత్యేక డెలివరీ బృందం అని ప్రకటించి, విమర్శలు రావడంతో మర్నాడే ఆ పచ్చరంగును వెనక్కి తీసుకుంది. హాస్టళ్లలో శాకాహారులకు మాత్రమే అని బల్లలు వేరు చేయడం, మాంసం తినేవాళ్లను మూలకు నెట్టడం, "శుద్ధ" అన్న మాట బోర్డు మీద రాయడం – ఈ మూడూ పనిని చెడగొడతాయి, మనుషుల్నీ బాధపెడతాయి. గరిటెలు వేరు చేయండి, మనుషుల్ని కాదు.

బడి పిల్లల గుడ్డు జోలికి అసలు వెళ్లొద్దు. రెండు రాష్ట్రాల్లోనూ మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఉంది. చాలామంది పిల్లలకు ఆ రోజు దొరికే మంచి ప్రోటీన్ అదే. ఈ వ్యాసంలో చెప్పినవన్నీ ఎంచుకునే స్తోమత ఉన్నవాళ్లకు, ఎక్కువ తినేవాళ్లకు.

మరి మీకు ఏది?

ఆఫీసు క్యాంటీన్ అయితే గిన్నెల లెక్కతో మొదలుపెట్టండి, పేర్లు దానితో పాటే మార్చండి. సమావేశాలకు తెప్పించే లంచ్‌లకు, శిక్షణ తరగతులకు డిఫాల్ట్ పెట్టండి. ముందుగా ఆర్డరు చేసేవి కాబట్టి అక్కడ అది సాఫీగా సాగుతుంది.

హాస్టల్ మెస్‌లో వారానికి ఒకటో రెండో రోజులే చికెన్. దాన్ని ముట్టుకుంటే మీ కమిటీ ఉండదు. మీ పని మిగతా ఐదు రోజులది. నీళ్లలాంటి సాంబారు, ఉడికీ ఉడకని బీరకాయ వల్లే పిల్లలు బయట చికెన్ రోల్ తింటున్నారు. ఉదయం పెసరట్టు, సాయంత్రం ఉడికించిన శనగలో అలసందలో, రాత్రికి గట్టి పప్పు. ఇక్కడ డిజైన్ అంటే సరుకుల జాబితా, మరేమీ కాదు.

పెళ్లికి, వీలైతే కొంతమందికైనా బంతి వేయించండి. బఫేనే అయితే స్టార్టర్లలో మాంసం ఒకటికి తగ్గించి పెసర పునుగులు, మిర్చిబజ్జీ, మసాలా వడ వేడివేడిగా తిప్పించండి. బిర్యానీ పక్కన బొటనవేలంత కప్పులో ఇచ్చే మిర్చీ కా సాలన్‌ను పెద్ద గిన్నెలో పెట్టించండి. వేరుశనగ, నువ్వులు, కొబ్బరితో చేసే ఆ సాలన్, దాని అక్క బగారా బైంగన్, రెండూ ముక్క లేకుండానే బిర్యానీని లాగించగలవు. గోదావరి వైపు పెళ్లి అయితే పనసపొట్టు కూరకు ఎవరూ సలహా చెప్పాల్సిన పని లేదు.

ఇంట్లో కలగలుపు కూరలు, అన్నం గిన్నెకన్నా ముందు కూర గిన్నె బల్ల మీదికి రావడం. అంతకుమించి ఇంట్లో డిజైన్ అని మొదలుపెడితే మీ అమ్మగారో అత్తగారో మీకే వంట అప్పగిస్తారు.

ఏది ఎంచుకున్నా కొలవకుండా మొదలుపెట్టకండి. మార్పుకు ముందు నాలుగు వారాలు, తర్వాత నాలుగు వారాలు మూడు అంకెలు రాయించండి: మాంసం ఎన్ని కిలోలు కొన్నారు, ఎంతమంది తిన్నారు, ఎన్ని కిలోలు పారేశారు. హెల్సింకి లాంటి పొరపాటు మూడో అంకెలోనే బయటపడుతుంది. రెండో అంకె పడిపోతే జనం బయటికి వెళ్లి తింటున్నారని అర్థం. పోల్చే వారాల్లో కార్తీకమాసం ఒక వైపే పడకుండా చూసుకోండి, లేకపోతే శివుడి ఖాతాలోది మీ ఖాతాలో పడుతుంది.

కాంట్రాక్టు రాసేటప్పుడు ఒక్క వాక్యం మరిచిపోవద్దు: మనిషికి పూటకు ఇన్ని గ్రాముల ఎండు పప్పు అని. 35 అడగండి, 30కి ఒప్పుకోండి. "పప్పు వడ్డించాలి" అని మాత్రమే రాస్తే, ధర పెరిగిన నెలలో గిన్నెలో పప్పు బదులు పసుపునీళ్లు కనపడతాయి. ఆ నెలలో మీ పేర్లూ వరసలూ ఏవీ పనిచేయవు.